అక్కకి ఎన్‌వీడీఏ చాలా, జాస్ కొనాలా?

పుత్తూరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. అక్కకి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల చూపు బాగా తగ్గిపోయింది. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, అయ్యాక బ్యాంకు పరీక్షలు రాయాలనుకుంటోంది. తెర మీదున్నది గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం, అంటే స్క్రీన్ రీడర్ కావాలి. ఒకరేమో ఊరికే దొరికే ఎన్‌వీడీఏ చాలన్నారు. ఇంకొకరు ఉద్యోగం కావాలంటే డబ్బు పెట్టి కొనే జాసే నేర్చుకోవాలన్నారు. కంప్యూటర్ షాపులో జాస్ 'క్రాక్' (లైసెన్స్ లేని దొంగ కాపీ) 1500 రూపాయలకి వేసిస్తామన్నారు. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్, విండోస్ 10 లాప్‌టాప్. తెలుగు కూడా చదవాలి, రాయాలి. ఏది తీసుకోవాలి?

ఎన్‌వీడీఏ వేయండి. జాస్ ఇప్పుడు కొనొద్దు. క్రాక్ జోలికి అసలు పోవద్దు. చేతిలో డబ్బుంటే ముందు లాప్‌టాప్‌కి ఇంకో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ, ఒక వైరున్న హెడ్‌సెట్ కొనండి. జాస్ అవసరం రావచ్చు. అయితే అది ఫలానా ఆఫీసులో, ఫలానా సాఫ్ట్‌వేర్ దగ్గర వస్తుంది. అప్పుడు దాన్ని కొనాల్సింది ఆ ఆఫీసు, మీ అక్క కాదు.

ఇప్పుడు కారణాలు చెప్తాను.

జాస్ పాతది, గట్టిది. టెడ్ హెంటర్ 1989లో డాస్ కంప్యూటర్ల కోసం దాన్ని తెచ్చారు. ఆయనా చూపు పోయినవారే. జాబ్ యాక్సెస్ విత్ స్పీచ్ అన్న మాటల్లోంచే ఆ పేరు వచ్చింది, అంటే పుట్టుకే ఉద్యోగం కోసం. ఎన్‌వీడీఏని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టారు. ఆయనకీ చూపు లేదు. డబ్బున్నవాళ్లకే కంప్యూటర్ అందడం సరికాదని కోడ్‌తో సహా అందరికీ వదిలేశారు. కాబట్టి ఊరికే ఇచ్చేది నాసిరకమనీ, డబ్బు పెట్టి కొనేది మేలురకమనీ అనుకోవద్దు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2024లో ఇచ్చిన సర్వే ఫలితాల్లో, ప్రధానంగా జాస్ వాడతామన్నవాళ్లు 40.5 శాతం, ఎన్‌వీడీఏ అన్నవాళ్లు 37.7 శాతం. ఆ సర్వేలో ఎక్కువమంది జాస్‌ని ఆఫీసులే కొనిచ్చే దేశాలవాళ్లు. అయినా మొత్తం మీద తేడా ఇంత తక్కువగా ఉంది. ఎన్‌వీడీఏ నేర్చుకుంటే ఉద్యోగం రాదనే మాటకి ఆధారం లేదు.

పైగా ఒకటి వచ్చినవాళ్లకి రెండోది పట్టుబడటానికి నెలలు అక్కర్లేదు. రెండింట్లోనూ వెబ్ పేజీలో హెచ్ కొడితే తర్వాతి హెడింగ్, టీ కొడితే టేబుల్, బీ కొడితే బటన్, ఈ కొడితే రాసే గడి వస్తాయి. రెండింట్లోనూ కంట్రోల్ నొక్కితే మాట ఆగుతుంది. తేడాలు చిన్నచిన్నవి. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్+ఎఫ్7 కొడితే లింకులు, హెడింగులు, బటన్లు అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి. జాస్‌లో లింకులకి ఇన్సర్ట్+ఎఫ్7, హెడింగులకి ఇన్సర్ట్+ఎఫ్6, ఫారం గడులకి ఇన్సర్ట్+ఎఫ్5. పేజీ చదవడం నుంచి ఫారం నింపడానికి మారాలంటే ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్+స్పేస్. జాస్‌లో ఇన్సర్ట్+స్పేస్ వేరే పని చేస్తుంది, అక్కడ పేజీ చదివే వర్చువల్ కర్సర్‌ని ఇన్సర్ట్+జెడ్‌తో ఆపాలి. ఇలాంటివి ఓ ఇరవై రాసిపెట్టుకుంటే సరిపోతుంది. టైపింగ్ రానివాళ్లు మాత్రం ఏది కొన్నా ఇబ్బందే పడతారు.

క్రాక్ ఎందుకు వద్దంటున్నానంటే. దొంగతనమన్నది ఒక కారణం. రెండోది, ఆ క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. బ్యాంకు పాస్‌వర్డ్, ఆధార్ ఓటీపీ టైప్ చేసే యంత్రంలో, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాంకి ప్రతి కీ నొక్కుడూ వినే అనుమతి ఇస్తున్నారన్నమాట. స్క్రీన్ రీడర్ పనే కీలు వినడం, తెర చదవడం. మూడోది, విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు అది మూగబోతుంది. చూపున్నవాళ్లకి ఒక ప్రోగ్రాం పోతే ఇంకోటి ఉంటుంది. అక్కకి స్క్రీన్ రీడర్ పోతే కంప్యూటరే పోయినట్టు. అది పరీక్ష ఫీజు కట్టే చివరి రోజే జరగొచ్చు.

జాస్ ఎలా ఉంటుందో చూడాలంటే క్రాక్ అవసరమే లేదు. కంపెనీ సైటు నుంచి దింపుకుని లైసెన్స్ లేకుండా నడిపితే 40 నిమిషాలు పూర్తిగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆగిపోతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ 40 నిమిషాలు. నేర్చుకోవడానికి, పోల్చి చూడటానికి అది చాలు. పరీక్షించేటప్పుడు ఎన్‌వీడీఏని ఇన్సర్ట్+క్యూ, ఎంటర్‌తో మూసేయండి. రెండూ ఒకేసారి నడిస్తే రెండు గొంతులు కలిసి మాట్లాడతాయి, కీలు ఒకదానికి వెళ్లాల్సినవి ఇంకోదానికి వెళ్తాయి. 'లాప్‌టాప్‌కి ఏదో అయింది' అని నా దగ్గరికి తెచ్చేవాటిలో ఇదీ ఒకటి.

ఇక మీ ప్రశ్నలో అసలు బరువైన మాట చివర్లో ఒక్క ముక్కలో అడిగారు: తెలుగు. డబ్బు కంటే ముందు చూడాల్సింది అదే.

జాస్‌తో వచ్చే ఎలోక్వెన్స్ గొంతు ఇంగ్లీషుకి చాలా బాగుంటుంది. ఎంత వేగం పెట్టినా అక్షరం చెదరదు, పాతవాళ్లు దాన్ని వదలరు. దానికి తెలుగు రాదు. జాస్ కొంటే తెలుగుకి వేరే గొంతు చూసుకోవాలి. అందుకే ఆ 40 నిమిషాల్లో మొదట చేయాల్సిన పని గొంతుల జాబితా తెరిచి, తెలుగు పేరా ఒకటి చదివించి వినడం. ఎన్‌వీడీఏలో ఈ-స్పీక్ ఎన్‌జీ అనే గొంతు దాంతోనే వస్తుంది, అందులో తెలుగు ఉంది. గొంతు మరబొమ్మలా ఉంటుందన్నది నిజమే. మొదటి రోజు విని 'ఇదేం తెలుగు' అని తీసేయకండి. పది, పదిహేను రోజులు రోజూ ఒక గంట వింటే చెవి దానికి అలవాటు పడుతుంది. అదే గొంతులో తమిళం, కన్నడం కూడా ఉన్నాయి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్లలో రెండు మూడు భాషలు నడుస్తాయి కాబట్టి ఆ వైపువాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు.

అమర్చే పద్ధతి ఇదీ. ఎన్‌వీడీఏని తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సైటులో డౌన్‌లోడ్ నొక్కితే ముందు విరాళం అడిగే పేజీ వస్తుంది. అది ధర కాదు, ఈసారికి వద్దు అన్న ఎంపిక అక్కడే ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోయి 'ఇదీ డబ్బులకే' అనుకుంటారు. అక్కకి ఉద్యోగం వచ్చాక ఇవ్వండి, ఆ విరాళాలు కూడా ఉంటేనే అది నడుస్తుంది. దింపిన ఫైలు నడిపితే కాస్త సంగీతం వినిపించి మాట మొదలవుతుంది. అక్కడ 'పోర్టబుల్ కాపీ' కాకుండా కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసేదే ఎంచుకోండి. పోర్టబుల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాలేజీ ల్యాబులో వాడుకోవచ్చు, మంచిదే. కానీ పాస్‌వర్డ్ తెర దగ్గర, 'ఈ ప్రోగ్రాంకి అనుమతి ఇస్తారా' అని విండోస్ అడిగే తెర దగ్గర అది మాట్లాడదు.

మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే స్వాగత డబ్బాలో కీబోర్డ్ లేఅవుట్ 'లాప్‌టాప్' అని పెట్టి, క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా (ఆదేశాలకి ఇన్సర్ట్ బదులు పట్టుకునే కీగా) వాడే గడికి టిక్ పెట్టండి. చాలా లాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ ఏ మూలనో ఎఫ్ఎన్‌తో కలిపి ఉంటుంది, దాంతో రోజంతా పనిచేస్తే వేళ్లు నొప్పి పుడతాయి. మామూలు క్యాప్స్ లాక్ కావాలంటే రెండుసార్లు గబగబా నొక్కితే వస్తుంది. లాప్‌టాప్ లేఅవుట్‌లో మొత్తం చదివించడానికి ఎన్‌వీడీఏ+ఏ.

ఆ తర్వాత గొంతులు. ఒకే గొంతుతో రెండు భాషలూ నెట్టుకురావద్దు. ఎన్‌వీడీఏ భాష మార్చుకునేది వెబ్ పేజీలో 'ఇది తెలుగు' అన్న గుర్తును బట్టి. మన సైట్లలో చాలావాటికి ఆ గుర్తు సరిగా ఉండదు, నోట్‌ప్యాడ్‌లో అసలే ఉండదు. కాబట్టి దాన్ని నమ్ముకోకుండా తెలుగుకి ప్రొఫైల్, అంటే విడిగా సెట్టింగుల కట్ట ఒకటి చేసుకోండి:

ముందు మామూలు అమరికలో ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఎస్ కొట్టి విండోస్‌లోనే ఉండే వన్‌కోర్ గొంతులు ఎంచుకుని, ఇండియా ఇంగ్లీషు వేసుకోండి. హీరా, రవి అని రెండు గొంతులుంటాయి. మీ విండోస్‌లో అవి కనిపించకపోతే భాషల సెట్టింగ్స్‌లో ఇంగ్లీష్ (ఇండియా) చేర్చాలి. తర్వాత ఎన్‌వీడీఏ+కంట్రోల్+పీ కొడితే ప్రొఫైళ్ల డబ్బా వస్తుంది. 'న్యూ' నొక్కి, పేరు 'తెలుగు' అని ఇచ్చి, మాన్యువల్ యాక్టివేషన్ ఎంచుకోండి. ఆ ప్రొఫైల్ నడుస్తుండగానే సింథసైజర్‌ని (మాట పలికే ప్రోగ్రాంని) ఈ-స్పీక్ ఎన్‌జీకి మార్చి, ఎన్‌వీడీఏ+కంట్రోల్+వీలో వాయిస్ దగ్గర తెలుగు పెట్టండి. అక్కడే 'వేరియంట్' అని ఉంటుంది, ఒక్కో పేరు మారుస్తూ వినండి, చెవికి తక్కువ గరుకుగా ఉన్నది ఒకటి దొరుకుతుంది. చివరగా ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ జెశ్చర్స్ తెరిచి, ప్రొఫైళ్ల విభాగంలో ఈ 'తెలుగు'కి వేరే దేనికీ వాడని ఒక కీ ఇవ్వండి. ఇక ఒక్క కీతో తెలుగు, మళ్లీ అదే కీతో ఇంగ్లీషు. అంతా అయ్యాక ఎన్‌వీడీఏ+కంట్రోల్+సీతో సేవ్ చేయడం మరవొద్దు.

లాగిన్ తెరలో వేరే గొంతు, వేరే వేగం వస్తోందంటే భయపడొద్దు. సెట్టింగ్స్‌లో జనరల్ కింద, ఇప్పుడు సేవ్ చేసిన సెట్టింగులే లాగిన్ తెర దగ్గర కూడా వాడమనే బటన్ ఉంటుంది, అది నొక్కాలి.

తెలుగు రాయడానికి విండోస్‌లో తెలుగు భాష చేర్చి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ నేర్పండి. భాష మారడానికి విండోస్+స్పేస్. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునే పద్ధతి చూపున్నవాళ్లకి సులువు, ఎందుకంటే కింద వచ్చే సూచనల్లోంచి కళ్లతో ఏరుకుంటారు. అక్కకి ప్రతి మాటకీ ఆ సూచనలు వినాల్సి వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో నొక్కిందే పడుతుంది. 'తిరుపతి' రాయాలంటే ఎల్, ఎఫ్, జే, జీ, హెచ్, ఎల్, ఎఫ్. అంటే త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. ఏడు కీలు, ఏడూ మధ్య వరసలోనివే. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. ఎఫ్, జే కీల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, గుడి ఒకదాని మీద, ర ఒకదాని మీద. వేలు పెట్టిన చోటినుంచే తెలుగు మొదలవుతుంది. పొల్లు డీ మీద ఉంటుంది.

ఇక్కడ ఒకటి తెలియక చాలామంది తప్పు రాశామని కంగారు పడతారు. 'లక్ష్మి' అన్న మాటలో వర్డ్‌లో బాణం కీతో జరిగితే ల, ఆ తర్వాత క్ష్మి మొత్తం ఒక్క అడుగు. బ్యాక్‌స్పేస్‌తో చెరిపితే మాత్రం ఒక్కో ముక్కే పోతుంది: గుడి, మ, పొల్లు, ష, పొల్లు, క. ఆరుసార్లు నొక్కాలి. డిలీట్ కీ అయితే క్ష్మి మొత్తాన్నీ ఒకేసారి తీసేస్తుంది. చివరి గుడి ఒక్కటే మార్చాలంటే బ్యాక్‌స్పేస్, అక్షరమే మార్చాలంటే డిలీట్. ఇది జాస్‌తోనైనా అంతే, తెలుగు లిపి కంప్యూటర్‌లో ఉండే తీరే అది.

అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో చేసిన నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, పెళ్లిపత్రికలు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. కంటికి చక్కటి తెలుగు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు అంతే. స్క్రీన్ రీడర్ బొమ్మ చదవదు, లోపలున్నది చదువుతుంది. అందుకే పిచ్చిపిచ్చిగా వినిపిస్తుంది. లక్ష రూపాయల స్క్రీన్ రీడర్ పెట్టినా అంతే. అనుమానం వస్తే ఆ వాక్యం మీద ఎన్‌వీడీఏ+ఎఫ్ కొట్టండి, ఫాంట్ పేరు చెప్తుంది. అను అని వస్తే ఆ సెంటర్‌వాళ్లని యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోకి మార్చి ఇమ్మని అడగండి. మార్చే పరికరాలు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి సరిచూడాలి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ది ఇంకో రకం ఇబ్బంది. అది కాగితం ఫోటో, లోపల అక్షరమే ఉండదు. ఇంగ్లీషు అయితే ఎన్‌వీడీఏ+ఆర్ కొడితే విండోస్ ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలు గుర్తుపట్టేది) చదివి పెడుతుంది. విండోస్ ఓసీఆర్‌కి తెలుగు రాదు. తెలుగు స్కాన్‌ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ ఫైలు మీద అప్లికేషన్స్ కీ లేదా షిఫ్ట్+ఎఫ్10 కొట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. పెద్ద ఫైలైతే నాలుగైదు పేజీల ముక్కలు చేసి ఎక్కించండి. అచ్చు బాగుంటే బాగా వస్తుంది. జెరాక్సుకి జెరాక్సు తీసిన కాగితమైతే తప్పులు తప్పవు. పట్టికలు మాత్రం చెదిరిపోతాయి, అవి ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాల్సిందే. చేతిలో కాగితం ఉంటే ఫోన్‌లో గూగుల్ లెన్స్ తొందరగా అవుతుంది.

సరే, జాస్‌లో ఉన్న బలం ఏంటో కూడా నిజాయితీగా చెప్పాలి. మొదటిది స్క్రిప్టులు. ఏదైనా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో బటన్లకి పేర్లు లేకుండా, గడులు తెరమీద ఎక్కడెక్కడో గీసి ఉంటే, దానికోసం స్క్రిప్టు రాయించి చదివించవచ్చు. ఎన్‌వీడీఏకీ యాడ్-ఆన్లు (విడిగా జోడించే ముక్కలు) రాయొచ్చు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు. కానీ జాస్ స్క్రిప్టులు రాసి డబ్బు తీసుకుని బాధ్యత వహించేవాళ్లు దొరుకుతారు, పెద్ద ఆఫీసులకి అదే కావాలి. రెండోది, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాంని దూరం నుంచి తెరిచి పనిచేసే చోట, అంటే సిట్రిక్స్, రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి వాడే చోట, జాస్‌కి ముందునుంచీ ఏర్పాటు ఉంది. ఎన్‌వీడీఏలో 2025.1 నుంచి రిమోట్ యాక్సెస్ లోపలే వచ్చింది. అయితే రెండు కంప్యూటర్లలోనూ ఎన్‌వీడీఏ ఉండాలి, ఆఫీసు సర్వర్‌లో దాన్ని చాలాచోట్ల వేయనివ్వరు. మూడోది, పెద్ద వర్డ్ ఫైళ్లలో వ్యాఖ్యలు, మార్పులు, ఫుట్‌నోట్లు చూసే పనిలో జాస్ కొంచెం నిలకడగా ఉంటుందని నా అభిప్రాయం. మామూలు ఎక్సెల్, వర్డ్, మెయిల్, బ్రౌజర్ పనికి ఎన్‌వీడీఏతో ఏ లోటూ లేదు. ఎక్సెల్‌లో తలవరస ఉన్న గడిలో నిలబడి ఎన్‌వీడీఏ+షిఫ్ట్+సీ కొడితే చాలు, కింద ఏ గడికి వెళ్లినా 'మొత్తం', 'తేదీ' అంటూ తలపేరు కలిపి చెప్తుంది. ఈ ఒక్క కీ తెలియక జాస్ అయితేనే ఎక్సెల్ వస్తుందనేవాళ్లు ఉన్నారు.

బ్యాంకు ఉద్యోగం సంగతి. పరీక్షలో చాలామంది స్క్రైబ్‌నే (చెప్పింది రాసిపెట్టే మనిషిని) పెట్టుకుంటారు, గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంటుంది. స్క్రైబ్ నిబంధనలు మాత్రం ప్రతి నోటిఫికేషన్‌లో మళ్లీ చదవండి. కాబట్టి ఇప్పుడు స్క్రీన్ రీడర్ కావాల్సింది చదువుకోవడానికి, మాక్ టెస్టులకి. ఉద్యోగం వచ్చాక, 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ ఉద్యోగికి తగిన సదుపాయం కల్పించాలి. ప్రభుత్వ రంగ బ్యాంకూ అందులోకే వస్తుంది. చేరిన వారంలోనే రాతపూర్వకంగా అడగాలి: ఏ పనికి, ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఎన్‌వీడీఏతో ఏది చదవడం లేదు, అందుకు జాస్ ఎందుకు కావాలి అని. 'స్క్రీన్ రీడర్ కావాలి' అని ఊరికే రాస్తే కాగితం తిరుగుతూ ఉంటుంది. ఫలానా మెనూలో ఫలానా గడి చదవడం లేదని రాస్తే ఐటీ విభాగానికి అర్థమవుతుంది. ఇప్పుడే లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ సాయం ఏదైనా పథకం కింద ఉందేమో తిరుపతి కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో అడగండి. సదరం సర్టిఫికెట్, ఆధార్, కాలేజీ బోనఫైడ్ వెంట తీసుకెళ్తే రెండోసారి తిరగక్కర్లేదు.

ఎప్పుడైనా డబ్బు పెట్టి జాస్ కొనాల్సే వస్తే కొటేషన్‌లో ఇవి అడిగి రాయించుకోండి. ఏడాది లైసెన్సా, శాశ్వత లైసెన్సా? ఏడాదిదైతే గడువు తర్వాత ఆగిపోతుంది. శాశ్వతమైతే కొన్న వెర్షన్ నడుస్తూనే ఉంటుంది, కొత్త వెర్షన్లు కావాలంటే మెయింటెనెన్స్ ఒప్పందం వేరే ఉంటుంది. అది కొటేషన్‌లో కలిపారా లేదా? హోమ్ లైసెన్సా, ప్రొఫెషనలా? హోమ్ సొంత వాడకానికే, ఆఫీసు పనికి కాదు. ఎన్ని యాక్టివేషన్లు? ఇది ముఖ్యం. షాపులో విండోస్ మళ్లీ వేయించే ముందు లైసెన్స్‌ని ఆ కంప్యూటర్ నుంచి వెనక్కి తీసుకోకపోతే ఒక యాక్టివేషన్ వృథా అవుతుంది. ఫార్మాట్ చేసేవాళ్లకి ఇది తెలియదు, మీరే చెప్పాలి. ఎలోక్వెన్స్ గొంతు ఒక్కటే కావాలనిపిస్తే దానికోసం జాస్ కొనక్కర్లేదు. కోడ్ ఫ్యాక్టరీ అనే కంపెనీ ఎన్‌వీడీఏ కోసం దాన్ని విడిగా అమ్ముతుంది.

మీ లాప్‌టాప్ గురించి. ఎన్‌వీడీఏ తేలిక, 4 జీబీలో నడుస్తుంది. బరువంతా బ్రౌజర్‌ది. నాలుగు ట్యాబులు తెరిస్తే గొంతు తడబడుతుంది, కీ నొక్కిన అర నిమిషానికి మాట వస్తుంది. అందరూ స్క్రీన్ రీడర్‌ని తిడతారు, తప్పు ర్యామ్‌ది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం లేదా పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటే విండోస్ 11కి మారండి. ఇది చదివే వేరేవాళ్లెవరి దగ్గరైనా ఇంకా విండోస్ 7 ఉంటే, దానికి పనిచేసే చివరి ఎన్‌వీడీఏ 2023.3.4. వైరున్న హెడ్‌సెట్టే కొనమన్నది ఎందుకంటే, బ్లూటూత్‌ది మాట ఆగిన కాసేపటికి నిద్రపోతుంది, మళ్లీ లేచేలోపు మాటలో మొదటి అక్షరం పోతుంది. 'కాదు' అన్నది 'దు' అని వినిపిస్తే ఫారం ఎలా నింపుతారు?

అప్‌డేట్ల దగ్గర ఒక జాగ్రత్త. ఏటా వచ్చే మొదటి వెర్షన్, అంటే చివర .1 ఉన్నది, పాత యాడ్-ఆన్లను పక్కన పెట్టేస్తుంది. కొనుక్కున్న గొంతు యాడ్-ఆన్‌గా ఉంటే అది కొత్త వెర్షన్‌కి సిద్ధమైందో లేదో చూసుకునే .1కి మారండి.

ఇంట్లో చూపున్నవాళ్లు చేయాల్సిన సాయం వేరే ఉంటుంది. మౌస్ ముట్టుకోకండి. ఎన్‌వీడీఏ మెనూలో (ఎన్‌వీడీఏ+ఎన్) టూల్స్ కింద స్పీచ్ వ్యూయర్ తెరిస్తే, అది పలికేదంతా అక్షరాల్లో కనిపిస్తుంది. అక్క ఎక్కడ ఆగిందో మీరు చదివి, ఏ కీ నొక్కాలో నోటితో చెప్పండి. మొదటి రెండు వారాలు ఎన్‌వీడీఏ+1 నొక్కి కీల సాధన చేయించండి. ఆ పద్ధతిలో ఏ కీ నొక్కినా దాని పేరు, అది దేనికో మాత్రమే చెప్తుంది, ఏ పనీ చేయదు, కాబట్టి ఏదో చెడిపోతుందన్న భయం ఉండదు. మళ్లీ ఎన్‌వీడీఏ+1 కొడితే మామూలు స్థితికి వస్తుంది. ఇంకా కాస్తో కూస్తో చూపు మిగిలి ఉంది కదా అని తెరకి ముఖం ఆనించి చదవనివ్వకండి. ఈ జబ్బులో చూపు తగ్గుతూ పోతుంది, చెవితో పనిచేయడం ఇప్పుడే అలవాటైతే చదువు మధ్యలో ఆగదు.

ఒకరోజు ఎన్‌వీడీఏ ఉన్నట్టుండి మూగబోతుంది, ఇది అందరికీ జరిగేదే. అప్పుడు వరసగా ఇవి చూడండి. ఎన్‌వీడీఏ+ఎస్ పొరపాటున తగిలి మాట ఆగి ఉండొచ్చు, మాట వచ్చేదాకా అదే ఒక్కోసారి నొక్కండి. ఒక్క ప్రోగ్రాంలోనే మూగగా ఉంటే అది స్లీప్ మోడ్: లాప్‌టాప్ లేఅవుట్‌లో ఎన్‌వీడీఏ+షిఫ్ట్+జెడ్, డెస్క్‌టాప్ లేఅవుట్‌లో ఎన్‌వీడీఏ+షిఫ్ట్+ఎస్. అప్పటికీ రాకపోతే కంట్రోల్+ఆల్ట్+ఎన్, ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవుతుంది. దానికీ పలక్కపోతే విండోస్+కంట్రోల్+ఎంటర్ కొట్టి విండోస్‌లో ఉండే నరేటర్‌ని లేపి, దాంతో సౌండ్ సెట్టింగులు చూడండి. హెడ్‌సెట్ బదులు ఇంకో పరికరానికి శబ్దం వెళ్తుండటం తరచూ కనిపించే కారణం. మాట వస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే లాప్‌టాప్‌ని షాపుకి తీసుకెళ్లకండి. అక్క పాస్‌వర్డ్ పక్కవాళ్లు చూడకుండా ఉండే స్క్రీన్ కర్టెన్ పడింది, ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఎస్కేప్ కొడితే తొలగిపోతుంది.

లాప్‌టాప్ మోడల్ నంబర్, ప్రాసెసర్ పేరు కింద రాయండి. విండోస్ 11కి పనికొస్తుందో లేదో, ఏ ర్యామ్ పడుతుందో చూసి చెప్తాను. అక్కకి ఇబ్బంది పెడుతున్న పీడీఎఫ్ ఏదైనా ఉంటే దాని సంగతి కూడా రాయండి, స్కానా, అను ఫాంటా అన్నదాన్ని బట్టి దారి వేరు.